అమ్మానాన్నల మోకాళ్ళు, బస్తర్ ఘాట్లు: వాడిన ఎస్‌యూవీ ఎంపిక

జగదల్‌పూర్‌లో వ్యాపారాల మీద స్థిరపడినవారు, బైలాడీలా ఇనుప ఖనిజ గనులలో పనిచేసి బచేలీ, కిరండూల్ పరిసరాలలోనే ఉండిపోయినవారు, కొంటా, భోపాలపట్నం వైపు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడేవారు – బస్తర్‌లోని తెలుగు కుటుంబాలు ఏ దారిన అక్కడికి చేరినవైనా, వాటిలో చాలావాటి పరిస్థితి నేడు ఒకే తీరుగా ఉంది. పిల్లలు హైదరాబాదులోనో, విశాఖలోనో, రాయపూర్‌లోనో ఉద్యోగాలలో ఉంటారు. తల్లిదండ్రులు ఉన్న ఇల్లు, ఎరిగిన ఊరు విడిచి రాలేక అక్కడే ఉంటారు. పెద్ద ఆసుపత్రి అవసరం పడితే జగదల్‌పూర్ నుంచి అటు రాయపూర్, ఇటు విశాఖపట్నం రెండూ సుమారు 300 కిలోమీటర్ల దూరం. ఖనిజ రవాణా కోసం వేసిన కిరండూల్–కొత్తవలస మార్గంలో ప్రయాణికుల రైళ్ళు తక్కువ. బస్సులో అంత దూరం కూర్చోవడం డెబ్బై దాటినవారి వల్ల కాదు. అందువల్ల గుంతల రోడ్డును తట్టుకొనే ఎత్తయిన కారు ఒకటి ఇంట్లో ఉండాలన్న ఆలోచన పుడుతుంది, కొత్త కారు ధర విన్నాక అదే ఆలోచన సెకండ్ హ్యాండ్ బండి వైపు మళ్ళుతుంది. అయితే ఈ వెతుకులాట సాధారణంగా ఏ కంపెనీ, ఎన్ని హార్స్‌పవర్లు అన్న ప్రశ్నలతో మొదలవుతుంది. అది మొదలుకావలసింది ఎక్కేవారి మోకాళ్ళ దగ్గర. ఆ తరువాత చూడవలసింది మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడన్నది, బండి అంతకుముందు ఎక్కడ, ఎవరి చేతిలో తిరిగిందన్నది.

ఎస్‌యూవీ అన్న పేరుతో నేడు అమ్ముడవుతున్నవాటిలో అధికభాగం, నిర్మాణరీత్యా చూస్తే, ఎత్తు పెంచిన చిన్న కార్లే. 2022 డిసెంబరులో జీఎస్టీ మండలి ఇచ్చిన వివరణ ప్రకారం 2025 సెప్టెంబరు దాకా అమలులో ఉన్న అధిక సెస్సు కోసం ఎస్‌యూవీగా లెక్కకు రావాలంటే ఇంజను 1500 సీసీకి మించాలి, పొడవు నాలుగు మీటర్లు దాటాలి, నేలకూ బండి అడుగుభాగానికీ మధ్య ఖాళీ, అంటే గ్రౌండ్ క్లియరెన్సు, కనీసం 170 మిల్లీమీటర్లు ఉండాలన్నది అప్పటి నియమం. ఈ కొలతతో తూస్తే బ్రెజా, నెక్సాన్, వెన్యూ వంటివేవీ ఎస్‌యూవీలు కావు. దానివల్ల కొనేవారికి నష్టమేమీ లేదు, పైగా లాభమే. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించే ఫోర్ వీల్ డ్రైవ్ పెద్దల ప్రయాణాలకు అవసరం రాదు. ఊరి రోడ్డు మీద అడుగుభాగం రాళ్ళకు తగలకపోవడమే వారికి కావలసింది. జగదల్‌పూర్ మీదుగా విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం దాకా వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మీద గానీ, బీజాపూర్, భోపాలపట్నం మీదుగా నిజామాబాదు వైపు సాగే 63వ నంబరు రహదారి మీద గానీ మామూలు రెండు చక్రాల డ్రైవ్ బండి ఇబ్బంది లేకుండా నడుస్తుంది.

ఎత్తు విషయంలో ఒక పొరపాటు లెక్క ఉంది. గ్రౌండ్ క్లియరెన్సు ఎక్కువైతే సీటు కూడా అంతే ఎత్తులో ఉంటుందని, సీటు ఎంత ఎత్తయితే పెద్దలకు అంత సుఖమని అనుకుంటారు. ఈ రెండు మాటలూ సరికావు. మహీంద్రా బొలేరోకు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్సు 180 మిల్లీమీటర్లు, మారుతీ బ్రెజాది 198, టాటా నెక్సాన్‌ది 209 (తొలి రకాలలో). కానీ సీటు మాత్రం బొలేరోలోనే చాలా ఎత్తున ఉంటుంది, ఎందుకంటే ఆ బండిలో కింద లారీకి ఉన్నట్టు నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం, అంటే లాడర్ ఫ్రేమ్ చాసిస్, ఉండి దానిపైన బాడీని బిగిస్తారు. మిగిలిన చిన్న బళ్ళలో చట్రం వేరుగా ఉండదు, బాడీయే చట్రంగా పనిచేస్తుంది. దీనిని మోనోకాక్ నిర్మాణం అంటారు, అందులో నేల పలక కిందికి ఉంటుంది కాబట్టి సీటూ అందుబాటు ఎత్తులో ఉంటుంది. కొనేముందు చేయవలసిన పరీక్ష చాలా సులువు. పెద్దవారు తెరిచిన తలుపు దగ్గర బండికి వీపు పెట్టి నిలబడినప్పుడు సీటు అంచు పిరుదులకు కొంచెం కిందగా తగలాలి. అలా తగిలితే కూర్చుని, కాళ్ళు ఒకదాని తరువాత ఒకటి లోపలికి తిప్పుకోవచ్చు. అంచు మోకాలి దగ్గర ఉంటే కూలబడవలసి వస్తుంది, నడుము దాటి ఉంటే ఎక్కవలసి వస్తుంది. కీళ్ళ అరుగుదల ఉన్నవారికి రెండూ శిక్షే. చీర కట్టుకున్న తల్లికి ఫుట్‌బోర్డు ఒక్కోసారి సాయం కన్నా అడ్డంకిగా మారుతుంది, ఎందుకంటే వెడల్పు చాలని బోర్డు మీద పాదం సగమే ఆనుతుంది, వర్షంలో జారుతుంది. తలుపు ఎంత విశాలంగా తెరుచుకుంటుంది, పట్టుకోవడానికి పైన పిడి ఉందా, వెనుక సీటులో కూర్చున్నప్పుడు తొడలు సీటుకు ఆనుతున్నాయా లేక మోకాళ్ళు పైకి లేస్తున్నాయా అన్నవి కూడా తల్లిదండ్రులను స్వయంగా కూర్చోబెట్టి చూడవలసినవే. కొడుకు హైదరాబాదులో బండి చూసి, డబ్బు కట్టి, డ్రైవరు చేత పంపించే పద్ధతిలో ఈ పరీక్ష జరగదు, అదే ఆ పద్ధతిలోని పెద్ద లోపం.

బస్తర్‌లో వాడిన బండి మాట వస్తే ముందుగా వినిపించే పేరు బొలేరో. 2000 సంవత్సరంలో వచ్చిన ఈ బండి నేటికీ అమ్ముడవుతున్నదంటే దాని గట్టితనాన్ని తక్కువ చేసి చెప్పడం కుదరదు. ఏ చిన్న ఊరి షెడ్డులోనైనా దానిని విప్పి బిగించగలవాడు దొరుకుతాడు, విడిభాగాలు చవక. అయినా తల్లిదండ్రుల కోసమైతే బొలేరో తొలి ఎంపిక కాకూడదు. దాని వెనుక ఇరుసు కింద ఉండేవి కమాను పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు; నిండా మనుషులు ఎక్కినప్పుడు అవి బాగా పనిచేస్తాయి, ఇద్దరు ముగ్గురే ఉన్నప్పుడు గుంత గుంతకూ ఎత్తి కుదేస్తాయి. వెన్నుపూసల నొప్పి ఉన్న మనిషి అందులో రాయపూర్ వెళ్ళిరావడం కష్టం. మూడవ వరుసలో ఎదురెదురుగా ఉండే పక్క సీట్లు వృద్ధులకు పనికిరానివి. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారకుండా ఆపే ఏబీఎస్ అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు అదే ఏడాది జూలై నుంచి, పక్క సీటు ఎయిర్‌బ్యాగు 2022 ఆరంభం నుంచి. అంతకుముందరి చవక రకాలలో ఇవేవీ ఉండకపోవచ్చు. అన్నిటికీ మించి, బస్తర్‌లో అమ్మకానికి వచ్చే బొలేరోలలో కాంట్రాక్టర్ల కింద గనుల దారుల్లో తిరిగినవి, టాక్సీ పర్మిటు రద్దు చేయించి సొంత వాడకానికి మార్చినవి కలిసి ఉంటాయి. ఆర్సీలో, అంటే రిజిస్ట్రేషను పత్రంలో, వాహన తరగతి మారిన చరిత్ర ఉంటే ఆ బండి మీటరు ఎంత చూపిస్తున్నా నమ్మనక్కరలేదు.

బొలేరోకు ప్రత్యామ్నాయంగా ఐదు నుంచి ఏడు లక్షల రూపాయల మధ్య ఆలోచించేవారు నాలుగు మీటర్లలోపు మోనోకాక్ బళ్ళను చూడడం మంచిది. 2016లో వచ్చిన విటారా బ్రెజా 2020 వరకు 1.3 లీటర్ల డీజిలు ఇంజనుతో మాత్రమే అమ్ముడైంది, ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుతో వచ్చింది. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టించి చూసిన పరీక్షలో దానికి నాలుగు నక్షత్రాలు వచ్చాయి. 2017లో వచ్చిన నెక్సాన్‌కు 2018 డిసెంబరులో ఐదు నక్షత్రాలు వచ్చాయి. మహీంద్రా ఎక్స్‌యూవీ300 కూడా 2020లో ఐదు సాధించింది. ముసలితనంలో ఎముకలు పెళుసుబారి ఉంటాయి కాబట్టి ఓ మాదిరి ప్రమాదం కూడా ఛాతీ ఎముకలకు ముప్పు తెస్తుంది. అందువల్ల పెద్దల బండిలో ఈ నక్షత్రాలకు పడుచువాళ్ళ బండిలో కన్నా ఎక్కువ విలువ ఇవ్వాలి. వెన్యూ, సోనెట్ నగరపు వాడకానికి చక్కనివే గానీ వెనుక సీటు కొంత ఇరుకు. మారుతీ ఎర్టిగా ఎస్‌యూవీ కాదన్న మాటే గానీ, ఎక్కి దిగే ఎత్తును బట్టి చూస్తే అనేక ఎస్‌యూవీల కన్నా అదే నయం. మనవలతో కలిసి ప్రయాణించే ఇళ్ళు దాన్ని పట్టించుకోకపోవడం వింతే. బేరమాడేటప్పుడు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు చిన్న ఇంజను కార్లపై జీఎస్టీ 18 శాతానికి దిగింది, దానితో పంచ్, ఎక్స్‌టర్, మాగ్నైట్ వంటివాటి ప్రాథమిక రకాలు షోరూం ధరలో ఆరు లక్షలకు అటూ ఇటూగా కొత్తవే దొరికే స్థితి వచ్చింది. నాలుగేళ్ళ పాత బండికి ఆ ధరే చెప్పే అమ్మకందారు ముందు ఈ లెక్క పెట్టవచ్చు. బ్రెజా పెట్రోలు ఇంజను 1200 సీసీకి మించినందువల్ల దానికి ఆ తగ్గింపు ఆ మేరకు దక్కలేదు, కాబట్టి వాడిన బ్రెజా ధర మిగతావాటి కన్నా దిగకుండా నిలబడితే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇంధనం సంగతిలో పాత నమ్మకం డీజిలే. నెలకు రెండు మూడు వందల కిలోమీటర్లు, అదీ బజారుకూ గుడికీ తిరిగే బండికి డీజిలు లాభసాటి కాదు, 2020 ఏప్రిల్ తరువాత తయారైన బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిలు బండ్లకైతే హాని కూడా. వాటి పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే వడపోత పరికరం, అంటే డీపీఎఫ్, ఉంటుంది. బండి కొంతసేపు ఒకే వేగంతో సాగినప్పుడు ఆ మసి లోపలే కాలిపోతుంది, చిన్న చిన్న దూరాలే తిరుగుతుంటే కాలక పేరుకుని, హెచ్చరిక దీపం వెలిగి, చివరకు షెడ్డు ఖర్చు తెస్తుంది. ప్రతి పదిహేను రోజులకూ రాయపూరో విశాఖో వెళ్ళవలసిన ఇంట్లో మాత్రం డీజిలుకు అర్థం ఉంది. పెట్రోలు ఎంచుకున్నవారికి వేరే జాగ్రత్త ఉంది: నేడు బంకులలో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలిసి ఉంటుంది, 2023 ఏప్రిల్ తరువాత తయారైన బళ్ళు అందుకు తగిన రబ్బరు, లోహ భాగాలతో వచ్చాయి, పాతవాటిలో మైలేజీ కొంత తగ్గడం, ఇంధన గొట్టాలు, సీళ్ళు త్వరగా పాడయ్యే అవకాశం ఉన్నందువల్ల వాటిని ఒకసారి పరీక్ష చేయించడం అవసరం.

తండ్రి స్వయంగా నడిపేవారైతే గేర్ల రకం ముఖ్యమవుతుంది. కాంకేర్, కొండాగావ్‌ల మధ్య కేశ్కాల్ ఘాటులో లారీల వెనుక ఆగుతూ సాగుతూ పోవడం ఎడమ మోకాలికి పరీక్ష. చవకగా దొరికే ఆటోమేటిక్ రకం ఏఎంటీ, అంటే మామూలు గేర్‌బాక్సుకే క్లచ్ తొక్కే పనిని యంత్రానికి అప్పగించిన ఏర్పాటు. మరమ్మతు సులువు, అయితే ఎత్తులో ఆగినప్పుడు, బ్రేకు మీద కాలు తీయగానే బండి కొంచెం వెనక్కి జారే గుణం కొన్నింటిలో ఉంది, అలవాటు లేని పెద్దలను అది కంగారు పెడుతుంది. బ్రెజా పెట్రోలులోని టార్క్ కన్వర్టరు రకం, అంటే ఇంజను శక్తిని ఆయిలు ద్వారా అందించేది, మెత్తగా సాగుతుంది, ఇంధనం కొంత ఎక్కువ తాగుతుంది. వెన్యూ, సోనెట్ పైరకాలలో వచ్చే రెండు క్లచ్‌ల డీసీటీ గేర్‌బాక్సు పాడైతే దానిని విప్పగలవారు చిన్న ఊళ్ళలో ఉండరు కాబట్టి వారంటీ ముగిసిన బండిలో అది వద్దనడమే క్షేమం. యాభై ఐదేళ్ళు దాటాక లైసెన్సు ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి, వైద్య ధ్రువపత్రం జతచేయాలి. బండి కొనకముందే ఆ గడువు చూసుకోవడం మేలు.

దేశం నుంచి వెళ్ళిపోయిన లేదా తయారీ ఆగిపోయిన కంపెనీల బళ్ళు చూడగానే ఆకర్షిస్తాయి. షెవర్లే 2017తో దేశంలో అమ్మకాలు ముగించింది, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది, తొలి తరం రెనో డస్టర్ 2022లో ఆగింది. ఫోర్డ్ ఎకోస్పోర్ట్, డస్టర్ రెండూ గట్టి బళ్ళు, వయసుకు తగ్గ ధర కన్నా చవకగా వస్తాయి; కానీ ఒక సెన్సరు కోసం రాయపూర్ నుంచి పార్శిల్ వచ్చేదాకా బండి షెడ్డులో పడి ఉంటే, ఆ వారంలోనే తల్లికి ఆసుపత్రి అవసరం రావచ్చు. ఇక్కడ చవకకు అర్థం మారిపోతుంది. డస్టర్ డీజిలు తీసుకునే సాహసం చేసేవారు ఇంజను లోపలి టైమింగ్ బెల్టు మార్చారో లేదో బిల్లుతో సహా చూడాలి, ఎందుకంటే అది తెగితే ఇంజనే పోతుంది.

బస్తర్ మార్కెట్టుకు బళ్ళు నాలుగు దిక్కుల నుంచి వస్తాయి. సీజీ-17తో మొదలయ్యే జగదల్‌పూర్ బండ్లు, సీజీ-04తో మొదలయ్యే రాయపూర్ బండ్లు ఒకే రాష్ట్రానివి కనుక పేరు మార్పిడితో పని ముగుస్తుంది. హైదరాబాదు, విశాఖ బండ్లకు అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం, తెచ్చి, పన్నెండు నెలలు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను కింద కొత్త నంబరు తీసుకొని, ఇక్కడి పన్ను కట్టాలి. ఈ ఖర్చు కలపకుండా హైదరాబాదు ధర చవక అనడం సగం లెక్క. దిల్లీ ప్రాంతంలో పదేళ్ళు నిండిన డీజిలు బళ్ళ మీద వచ్చిన ఆంక్షల వల్ల అక్కడి బండ్లు కొన్నేళ్ళుగా దూరపు రాష్ట్రాలకు చేరుతున్నాయి. విశాఖ తీరంలో ఏళ్ళ తరబడి బయట నిలిపిన బండి అడుగుభాగం ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉండవచ్చు. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనవి వరదలో మునిగిన బళ్ళు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు, 2025 ఆగస్టు చివర దంతెవాడ, బస్తర్ జిల్లాలలో వచ్చిన వరదలు ఎంతో దూరపు కాలానివి కావు. మునిగిన బండిని ఎండబెట్టి, సీట్లు ఉతికించి అమ్మడం కష్టమైన పని కాదు, దాని వైరింగు మాత్రం నెలల తరువాత ఒక్కొక్కటిగా మొరాయిస్తుంది. దీనిని కనిపెట్టే ఉపాయం చౌకైనదే: వెనుక సీటు బెల్టును ఆఖరి అంగుళం దాకా బయటికి లాగి చూడాలి. పైభాగం ఎంత శుభ్రంగా ఉన్నా చుట్టలో ఎప్పుడూ బయటికి రాని చివరి భాగం మీద బురద గీత అడ్డంగా కనిపిస్తే ఆ బండి దగ్గర ఇంకేమీ చూడనక్కరలేదు. తివాచీ ఎత్తితే కనిపించే ఎర్రని పొడిదుమ్ము మాత్రం బచేలీ, కిరండూల్ వైపు తిరిగిన ఏ బండిలోనైనా ఉంటుంది. అది నీరు చేరిన గుర్తు కాదు, తడిసి గడ్డకట్టిన మట్టికీ దానికీ తేడా వేలితో రుద్దితే తెలుస్తుంది.

మిగిలిన పరీక్ష ఉదయాన్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే జరగాలి. అమ్మేవారు ముందుగానే స్టార్టు చేసి ఉంచితే మరోరోజు రావడం మంచిది. స్టార్టు చేశాక ఆయిలు మూత తెరిస్తే పొగ బుసబుసా వస్తున్నదంటే పిస్టను రింగులు అరిగినట్టు. ఘాట్లలో తిరిగిన బండికి క్లచ్ ప్లేటు, గుంతల్లో తిరిగినదానికి ముందు చక్రాల లోయర్ ఆర్మ్ బుష్‌లు ముందుగా పోతాయి. మొదటిది పై గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోవడం వల్ల, రెండవది స్పీడ్ బ్రేకరు మీద నెమ్మదిగా దిగినప్పుడు వచ్చే టక్కు శబ్దం వల్ల తెలుస్తాయి. టైరు పక్కన ఉన్న నాలుగు అంకెలలో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి, అంటే 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది; బండి వయసు ఆరేళ్ళు, మీటరు 28 వేలు అని చెబుతూ టైర్లు రెండేళ్ళ క్రితంవి అయితే ఆ మీటరు మాటను అనుమానించవలసిందే. కంపెనీ సర్వీసు సెంటరులో బండి నంబరుతో ఉండే పాత సర్వీసుల రికార్డు దీనికి సరైన సాక్ష్యం.

బీమా పాలసీ కూడా సాక్ష్యమే, దానిని చదివేవారే తక్కువ. క్లెయిము లేని ఏడాదికి యజమానికి దక్కే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, 20 శాతంతో మొదలై వరుసగా ఐదేళ్ళు క్లెయిము లేకుంటే 50 శాతానికి చేరుతుంది. ఆరేళ్ళ బండిని ఒకే యజమాని వాడుతూ పాలసీలో ఆ బోనస్ సున్నా ఉంటే కిందటి ఏడాది ఏదో దెబ్బకు క్లెయిము చేసి ఉండవచ్చు, ఆ దెబ్బ ఏమిటో అడగడం కొనేవారి హక్కు. ఆ బోనస్ యజమానిది గానీ బండిది కాదు, కొన్నవారికి రాదు. అమ్మకం జరిగాక పద్నాలుగు రోజులలోపు పాలసీని తమ పేరుకు మార్పించుకోకపోతే, ఎదుటివారికి కలిగిన నష్టం మాట ఎలా ఉన్నా, సొంత బండికి జరిగిన నష్టపు పరిహారాన్ని కంపెనీ నిరాకరించవచ్చు.

ఆర్సీ బదిలీకి 29, 30 నంబర్ల ఫారాలు, అప్పు ఉన్న బండికి బ్యాంకు ఇచ్చే 35వ ఫారం, వేరే రాష్ట్రపు బండికి 28వ ఫారం కావాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం వాడిన వాహనాల డీలరు రవాణా కార్యాలయం వద్ద అధికార పత్రం పొంది ఉండాలి, బండి తన చేతికి వచ్చిన సంగతి 29సీ ఫారం ద్వారా తెలపాలి. ఆ పత్రం చూపలేని డీలరు దగ్గర కొనడం మధ్యవర్తి మాట మీద కొనడంతో సమానం. పాత యజమానికి కూడా బదిలీ ఆలస్యం క్షేమం కాదు, ఎందుకంటే నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు, ఆర్సీలో పేరు ఎవరిదైతే ప్రమాదపు బాధ్యత వారిదేనని తేల్చింది. ఆర్సీ మీద రిజిస్ట్రేషను గడువు పదిహేనేళ్ళు. పన్నెండేళ్ళ బొలేరో కొంటే మూడేళ్ళలో ఫిట్‌నెసు పరీక్ష, పునరుద్ధరణ రుసుము ముందున్నాయన్నమాట. బండి తండ్రి పేరు మీద తీసుకుంటే, ఆయన జగదల్‌పూర్ చిరునామాయే ఆధార్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. చాలా ఇళ్ళలో ఆ చిరునామా పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు హైదరాబాదుకు మారి ఉంటుంది, బదిలీ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.